బొంత కుట్టు నేర్పడానికి దేశం దాటి

మన ఊళ్లలో బొంత లేని ఇల్లు అరుదు. ఎండాకాలం పొలం పనులు తగ్గుతాయి. అప్పుడు పాత చీరలు బయటికి తీస్తాం. ఉతికి ఆరేస్తాం. అరుగు మీద ఒకదాని మీద ఒకటి పరుస్తాం. గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెడతాం. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లం చుట్టూ కూర్చుని టాకాలు వేస్తాం. ఆ బొంత పసిబిడ్డకు మెత్తగా ఉంటుంది. ముసలమ్మకు చలి ఆపుతుంది.

ఈ పని మనకు ఎవరు నేర్పారు? అమ్మ నేర్పింది. లేదంటే అత్త నేర్పింది. నేర్పినందుకు వాళ్లకు ఎవరైనా డబ్బు ఇచ్చారా? లేదు. అది పాఠం చెప్పడం అని కూడా ఎవరూ అనుకోలేదు.

కానీ ఈ పని నేర్పడానికే విమానం ఎక్కి పరాయి దేశం పోయే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను పిలిచినవాళ్లు ఫీజు ఇస్తారు. దారి ఖర్చులు పెట్టుకుంటారు. బస చూపిస్తారు. ఇది ఎలా జరుగుతుందో ఈ పాఠంలో చదువుదాం.

సంఘం పిలుస్తుంది

ఇంగ్లీషువాళ్లు బొంతను క్విల్ట్ అంటారు. వాళ్ల బొంతకు మూడు పొరలు. పైన రంగు ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ. నడుమ దూది పొర. అడుగున ఇంకో గుడ్డ. మూడు పొరలూ కలిసి ఉండేటట్టు టాకాలు వేస్తారు.

అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, జపాన్ దేశాలలో బొంత కుట్టడం ఇప్పుడు చాలామందికి సరదా పని. అవసరం కోసం కుట్టేవాళ్లు తక్కువ. దుప్పటి కావాలంటే వాళ్లు బజారులో కొనుక్కోగలరు. అయినా సొంత చేతితో కుట్టాలని వాళ్లకు ఆశ. అమెరికాలో హ్యూస్టన్ అనే నగరంలో ఏటా పెద్ద బొంతల పండుగ జరుగుతుంది. వేల మంది వస్తారు. గోడల నిండా బొంతలు వేలాడదీస్తారు. గదుల్లో పాఠాలు చెబుతారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో కూడా ఇలాంటి పండుగ ఉంది.

ఊరూరా బొంతలు కుట్టేవాళ్ల సంఘాలు ఉన్నాయి. వాటిని గిల్డ్ అంటారు. మన డ్వాక్రా సంఘం లాంటివే అనుకోండి. నెలకోసారి కూడతారు. చందా వేసుకుంటారు. తేడా ఏమిటంటే, మనం ఆ డబ్బు అప్పుగా తిప్పుకుంటాం. వాళ్లు ఆ డబ్బుతో కొత్త పని నేర్చుకుంటారు. దూరం నుంచి టీచరును పిలిపించుకుంటారు.

టీచరు వచ్చిన సాయంత్రం అందరూ ఒక హాలులో కూర్చుంటారు. ఆమె తన పెట్టె తెరుస్తుంది. ఒక్కో బొంత తీసి చూపిస్తుంది. ఇది ఎప్పుడు కుట్టాను, ఈ ముక్క ఎక్కడిది, ఇక్కడ ఎందుకు ఎర్ర గుడ్డ వేశాను, అని చెబుతుంది. మన ఇళ్లలో పెళ్లిచీరలు చూపించుకున్నట్టే! మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసు. పదిహేను మంది, ఇరవై మంది ఉంటారు. ఒక్కొక్కరి ముందు గుడ్డ, సూది, కత్తెర.

భాష రాకుండా పాఠం చెప్పగలమా?

ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. ఇంగ్లీషు వస్తే మంచిదే. చెప్పేది మాటల్లో చెప్పడానికి ఒక తోడు మనిషి ఉంటే ఇంకా మంచిది. కానీ చేతిపని పాఠంలో సగం కళ్లతోనే నడుస్తుంది.

అనుభవం ఉన్న టీచర్లు ఒక పద్ధతి పాటిస్తారు. ఒకే ముక్కను అయిదు సార్లు తయారు చేస్తారు. మొదటిదానిలో గుడ్డ కోయడం వరకే ఉంటుంది. రెండోదానిలో అంచు మడత. మూడోదానిలో మొదటి వరస కుట్టు. నాలుగోది సగం అయినది. అయిదోది పూర్తి అయినది. ఈ అయిదూ వరసగా బల్ల మీద పెడతారు. నేర్చుకునే మనిషి లేచి వెళ్లి తన ముక్కను వాటి పక్కన పెట్టి చూసుకుంటుంది. తను ఎక్కడ ఉందో, తర్వాత ఏం చేయాలో తెలిసిపోతుంది. దీనికి ఏ భాషా అక్కర్లేదు.

ఎడమచేతివాటం వాళ్ల సంగతి కూడా ఒకటి ఉంది. టీచరు కుడిచేత్తో కుడుతుంది. ఎడమచేతివాటం మనిషి పక్కన కూర్చుంటే అంతా తిరగబడినట్టు ఉంటుంది. అందుకని ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంటారు. అప్పుడు అద్దంలో చూసుకున్నట్టు సరిపోతుంది. మీ ఇంట్లో ఎడమచేతి పిల్ల ఉంటే ఇది చేసి చూడండి.

కొలతలు మాత్రం ముందే తెలుసుకోవాలి. అమెరికాలో అంగుళాలు. అక్కడ రెండు ముక్కలు కలిపేటప్పుడు అంచున పావు అంగుళం వదిలి కుడతారు. జపాన్‌లో సెంటీమీటర్లు. ఒక అంగుళం అంటే రెండున్నర సెంటీమీటర్ల కంటే కొంచెం ఎక్కువ. ఆ కొంచెమే ముప్ఫై ముక్కలు కలిపేసరికి ఒక సెంటీమీటరు దాటిపోతుంది. అంచులు కలవవు.

మన గుడ్డ మనకంటే ముందే పోయింది

ఒక పాత సంగతి చెప్పాలి. మూడు నాలుగు వందల ఏళ్ల కింద మన బందరు రేవు నుంచి అద్దకపు గుడ్డలు ఓడలెక్కి యూరప్ పోయేవి. పూలు, లతలు అద్దిన నూలు గుడ్డలు. వాటి రంగు ఉతికినా పోదు. అక్కడివాళ్లకు అది వింత. మంచాల మీద పరిచారు, బట్టలు కుట్టించుకున్నారు. వాళ్ల సొంత నేతగాళ్లకు బేరం పోయింది. వాళ్లు గొడవ చేశారు. 1721లో ఇంగ్లండు ప్రభుత్వం ఇలాంటి అద్దకపు నూలు గుడ్డ కట్టుకోకూడదు, ఇంట్లో వాడకూడదు అని చట్టం చేసింది. 1774 దాకా అది ఉంది.

ఆ ఇంగ్లీషు ఆడవాళ్లూ మనలాంటివాళ్లే. మిగిలిన చిన్న ముక్క కూడా పారేయలేదు. ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో ఒక బొంత ఉంది. 1708 ప్రాంతంలో కుట్టిందని చెబుతారు. అందులో ఉన్నవి మన దేశపు అద్దకపు గుడ్డ ముక్కలు. ఇంగ్లండులో మిగిలిన ముక్కల బొంతలలో చాలా పాతది అదే.

గుడ్డ అంత దూరం పోయింది. అద్దిన మనిషి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడ మొదలుపెట్టి అక్కడ టీచరైన మనిషి

జిన్నీ బేయర్ అమెరికా ఆమె. భర్త ఉద్యోగం వల్ల కొన్నేళ్లు మన దేశంలో ఉంది. ఇక్కడే 1972లో బొంత కుట్టడం మొదలుపెట్టింది. చేతికి దొరికినవి మన నూలు అద్దకపు గుడ్డలు. వాటితోనే కుట్టింది. తిరిగి అమెరికా పోయాక చూస్తే, అక్కడివాళ్ల రంగులు వేరు, ఈమె రంగులు వేరు. ఈమెవి ముదురు రంగులు. అదే ఆమెకు గుర్తింపు అయింది. 1978లో అమెరికా అంతటా జరిగిన ఒక బొంతల పోటీలో ఆమెదే మొదటి బహుమతి. తర్వాత పుస్తకాలు రాసింది. దేశదేశాలు తిరిగి క్లాసులు చెప్పింది.

ఆడవాళ్లే కాదు. కాఫ్ ఫాసెట్ అనే ఆయన రంగుల బొంతలకు పేరు పడ్డాడు. ఆయన కూడా దేశాలు తిరిగి పాఠాలు చెబుతాడు. ఆక్స్‌ఫామ్ సంస్థ తరపున మన దేశపు నేతగాళ్ల దగ్గరికి వచ్చాడు. వాళ్లు నేసిన చారల గుడ్డలు తర్వాత ఎన్నో దేశాల బొంతలలో చేరాయి. సూది ఆడవాళ్లదే అనేవాళ్లకు ఈయన సంగతి చెప్పండి.

జిన్నీ బేయర్ చదువుకున్న మనిషి. వెనక ఇల్లు, డబ్బు ఉన్న మనిషి. మరి పేద ఇంటి ఆడదాని పని ఎంత దూరం పోతుంది?

సిద్ది ఆడవాళ్ల కవంది

మన పక్కనే కర్ణాటక. అక్కడ ఉత్తర కన్నడ జిల్లాలో అడవి పక్క ఊళ్లలో సిద్దులు ఉంటారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. చాలామందిని పోర్చుగీసువాళ్లు బానిసలుగా తెచ్చారు. సిద్ది ఆడవాళ్లు పాత బట్టలతో బొంత కుడతారు. దానిని కవంది అంటారు.

కవంది కుట్టే తీరు వేరు. మనం ముందు పొరలన్నీ పరిచి తర్వాత కుడతాం. వాళ్లు అడుగున ఒక చీర పరుస్తారు. ఒక మూల నుంచి మొదలుపెడతారు. ముక్క అంచు మడిచి, పెట్టి, కుడతారు. పక్కన ఇంకో ముక్క. అలా అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. చివరి ముక్క నట్టనడుమ పడుతుంది. ముందు గీసుకున్న బొమ్మ ఉండదు. ఏ ముక్క పక్కన ఏ రంగు అనేది కుట్టే మనిషి అప్పటికప్పుడు చూసుకుంటుంది. అంతా అయ్యాక నాలుగు మూలలా మడత గుడ్డతో చిన్న పువ్వు కుడతారు. పువ్వు లేకపోతే బొంత ఒంటిమీద బట్ట లేనట్టు ఉంటుందని వాళ్లు అంటారు.

2004లో ఈ ఆడవాళ్లకు ఒక సహకార సంఘం ఏర్పడింది. ఒక అమెరికా ప్రొఫెసరు అందుకు సాయం చేశాడు. 2011లో వాళ్ల బొంతలు న్యూయార్కులో ప్రదర్శనకు పెట్టారు.

ఇంతవరకు సంతోషమే. ఇక్కడ ఆగి ఆలోచించండి. కవంది కుట్టడం ఇప్పుడు అమెరికాలో, యూరప్‌లో క్లాసులు పెట్టి నేర్పుతున్నారు. ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. కానీ ఆ క్లాసులు చెప్పేవాళ్లలో చాలామంది సిద్ది ఆడవాళ్లు కారు. నేర్చుకుని పోయినవాళ్లు, పుస్తకంలో చూసినవాళ్లు. కొందరు ఇది ఎవరి పనో చెప్పి మర్యాదగా నేర్పుతారు. అది మంచి పద్ధతే. అయినా క్లాసు ఫీజు ఎవరి చేతిలో పడుతోంది?

పని చేతిలో ఉన్న ఆడది ఎందుకు పోలేకపోతోంది? ఆమెకు పని రాదా? బాగా వచ్చు. ఆమెకూ ఆ హాలుకూ మధ్య కొన్ని కాగితాలు అడ్డం ఉన్నాయి. ఉత్తరం, పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం. ఆ కాగితాలు చదవగలిగినవాళ్లు దాటుతున్నారు. ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. కాబట్టి ఒక్కో కాగితం చూద్దాం.

పాస్‌పోర్టు

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇస్తారు. 2017 నుంచి కొన్ని పెద్ద పోస్టాఫీసులలో కూడా ఈ కేంద్రాలు పెట్టారు. 36 పేజీల మామూలు పుస్తకానికి ఫీజు 1500 రూపాయలు. పెద్దవాళ్లకు 10 ఏళ్లు చెల్లుతుంది. పోలీసులు వచ్చి విచారణ చేస్తారు.

ఎక్కువమందికి చిక్కు పేరు దగ్గర వస్తుంది. మనం ఇంటిపేరును ఒక్క అక్షరంతో రాస్తాం. పాస్‌పోర్టులో అలా ఒప్పుకోరు. ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఆధార్‌లో ఒకరకంగా, బ్యాంకు పుస్తకంలో ఒకరకంగా, రేషన్ కార్డులో పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉంటే ముందు అవి సరిచేయించుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఒకేలా ఉండాలి. మీ పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాయించుకుని, చూసి రాయడం అలవాటు చేసుకోండి. సంతకం తెలుగులో చేయవచ్చు.

పదో తరగతి పాసుకాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. దాని అర్థం ఏమిటి? గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ వలస అధికారి అనుమతి తీసుకోవాలి. 1983లో వచ్చిన వలస చట్టం ఇలా పెట్టింది. అమెరికా, ఇంగ్లండు, జపాన్‌లకు పోవడానికి ఈ అనుమతితో పని లేదు.

వీసా

వీసా అంటే ఆ దేశం లోపలికి రానిచ్చే అనుమతి. అది ఆ దేశం వాళ్లే ఇస్తారు. అమెరికా వీసా కోసం మనం ఢిల్లీ పోనక్కర్లేదు. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో మొదలైంది. 2023లో నానక్‌రామ్‌గూడలో కొత్త భవనానికి మారింది.

వీసాలు ఒకే రకం కావు. ఊరు చూడడానికి వేరు, పని చేసి డబ్బు తీసుకోవడానికి వేరు. చూడడానికి ఇచ్చిన వీసా మీద పోయి జీతం తీసుకుంటే చాలా దేశాలలో తప్పు. వెనక్కి పంపేస్తారు. మళ్లీ రానివ్వకపోవచ్చు. "ముందు ఏదో ఒక వీసా మీద వచ్చేయండి, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మవద్దు. ఏ వీసా కావాలో పిలిచిన సంఘాన్ని అడగాలి. కాన్సులేటు వాళ్ల సమాచారంతో సరిచూసుకోవాలి.

ఏజెంటు మాట

ఇది బాధపడాల్సిన సంగతి. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది అక్కచెల్లెళ్లు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయారు. కొందరు బాగుపడ్డారు. కొందరు మోసపోయారు. కుట్టుపని అని చెప్పి తీసుకుపోయి ఇంటి చాకిరీలో పెట్టడం కూడా ఈ మోసాలలో ఒకటి. కాబట్టి కుట్టు అనే మాట వినగానే సంచీ సర్దుకోవద్దు.

పాఠం చెప్పడానికి పిలిచినవాళ్లు ఉత్తరం రాస్తారు. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎంతమంది అని అందులో ఉంటుంది. వాళ్లు మన దగ్గర డబ్బు అడగరు. వాళ్లే ఇస్తారు. మనమే లక్ష కట్టాలని ఎవరైనా అంటే అది క్లాసు కాదు. మనల్ని అమ్ముకునే బేరం.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వానిది. ఆ సంగతి ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. "మా దగ్గర దాచుకుంటాం" అని ఎవరు అడిగినా ఇవ్వకూడదు.

పెట్టె సర్దుకోవడం

కత్తెర చేతి సంచీలో పెట్టుకుంటే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. గుడ్డ కోసే చక్రపు కత్తి కూడా అంతే. ఈ చక్రపు కత్తిని జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది. పిజ్జా కోసే చక్రంలా ఉంటుంది. బ్లేడులాగా పదును. ఇలాంటివన్నీ విమానం కింద వేసే పెద్ద పెట్టెలో పెట్టాలి. సూదులు కూడా అందులోనే పెడితే ఏ గొడవా ఉండదు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోయేవాళ్లు మరీ జాగ్రత్త. ఆ దేశాలు పురుగులకు, విత్తనాలకు భయపడతాయి. వాళ్ల పంటలకు తెగులు వస్తుందని. మన పాత బొంత దూదిలో ఒక పత్తి గింజ ఉన్నా తప్పే. విమానంలో ఒక కాగితం ఇచ్చి, గింజలు, కలప, తిండి ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నాయని రాయాలి. రాయకపోతే జరిమానా. బొంతలు శుభ్రంగా ఉతికి తీసుకుపోవాలి. ఆవకాయ సీసా సంగతి కూడా ఆ కాగితంలో రాయాల్సిందే!

ఒప్పందం కాగితం

ఇక అన్నిటికంటే ముఖ్యమైన కాగితం. కింద ఉన్నది మీరు చదవడం కోసం ఊహించి రాసింది. ఇద్దరు ముగ్గురు కలిసి పైకి చదవండి.

"మీరు మా సంఘంలో మే నెల మొదటి శనివారం బొంత కుట్టు క్లాసు చెప్పాలి. ఉదయం 9 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా. నడుమ ఒక గంట భోజనం. 20 మందికి మించి ఉండరు. మీ ఫీజు 400 డాలర్లు. క్లాసు అయిన రోజే ఇస్తాం. రాను పోను విమానం టికెట్లు మేమే కొంటాం. మూడు రాత్రుల బస, భోజనం మా ఖర్చు. గుడ్డ, దారం, సూది పెట్టిన సంచీలు మీరు తెచ్చి ఒక్కోటి 10 డాలర్లకు అమ్ముకోవచ్చు. మీ అనుమతి లేకుండా క్లాసును ఎవరూ వీడియో తీయరు. ఏ కారణం చేతనైనా మేము క్లాసు మానుకుంటే సగం ఫీజు ఇస్తాం."

వీడియో సంగతి ఎందుకు రాశారు? ఒకసారి వీడియో తీస్తే దానిని వెయ్యి మందికి చూపించవచ్చు. మళ్లీ మనల్ని పిలవనక్కర్లేదు. ఫీజు ఒక్కసారితో ఆగిపోతుంది.

"అయిన రోజే" అనే మాట కూడా చూడండి. ఆ రెండు మాటలు లేకపోతే డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. తిరిగి ఊరు వచ్చాక సముద్రం అవతలి బాకీ ఎవరు వసూలు చేస్తారు?

లెక్క చేయండి, జవాబులు రాయండి

1. భోజనం గంట తీసేస్తే క్లాసు ఎన్ని గంటలు?

2. ఇరవై మందీ సంచీ కొన్నారు. ఎన్ని డాలర్లు వచ్చాయి? ఒక్కో సంచీకి సామాను ఖర్చు 3 డాలర్లు అయితే, ఖర్చు పోను ఎంత మిగిలింది?

3. ఫీజు, సంచీల మీద మిగిలింది కలిపితే మొత్తం ఎన్ని డాలర్లు? లెక్క తేలిక కోసం ఒక డాలరు అంటే 80 రూపాయలు అనుకోండి. మొత్తం ఎన్ని రూపాయలు?

4. క్లాసు ముందు రోజు సంఘం వాళ్లు క్లాసు మానుకున్నారు. మీకు ఎన్ని డాలర్లు రావాలి?

5. ఈ కాగితంలో ఒక ఖర్చు ఎవరు పెట్టుకోవాలో రాయలేదు. పాఠంలో ఆ కాగితం పేరు వచ్చింది. అది ఏ ఖర్చు? ఆ సంగతి అడుగుతూ సంఘానికి మూడు వాక్యాల ఉత్తరం రాయండి. కింద మీ పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయండి.